ముత్తవ్వ పుట్టినింటి జాడ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



చరిత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. రాజుల చరిత్ర ఈ బీరువాలలో కలదు. నేను మీ యిండ్లలోని చరిత్రను గూర్చి మనవి చేయదలచితిని.

మీలో ననేకుల యిండ్లలో వంశవృక్షము వ్రాసిన కాగితముండును. దానిలో ఏడు తరముల పురుషులుందురు. వారిని కన్న తల్లుల పేర్లు రెండు మూడింటికి మించవు. ఆ తల్లులను కన్నవారి పేర్లు అసలే యుండవు. పెండ్లితో ఇంటిపేరు మారును. కొన్ని యిండ్లలో అత్తవారు పెట్టిన పేరే నిలుచును. మనుమల కాలమునకు ఆమె పుట్టిన ఊరి పేరు కూడ మాసిపోవును.

వెదకబూనువారు మొదట మన సరిహద్దును జ్ఞప్తియందుంచుకొనవలెను. 1956 నవంబరు 1 వరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనలో నిర్ణా భాగము తప్ప తక్కినది మెదకు జిల్లాలో చేరినది. బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయినది. మనవారు కోడండ్రను తెచ్చుకొన్న ఊళ్లు కొన్ని ఆవలనే యుండిపోయినవి. పాత కాగితములన్నియు తెలుగుననే యుండునని తలపరాదు. నిజాము రాజ్యమున 1884 వరకు కచేరి భాష పారసీకము, పిదప ఉర్దూ. సంవత్సరము ఫసలీలో నుండును. దానికి 590 కలుపవలెను. ఫసలీ 1300 అనగా 1890-91. నిజాము రాజ్యమున 1881లో జనాభా లెక్కలు తీసిరి గాని, అచ్చయిన సంపుటములలో అంకెలే యున్నవి, మనుష్యుల పేర్లు లేవు.

మరి స్త్రీ పేరెచట దొరకును? శ్రాద్ధము పెట్టు కుటుంబములలో కొడుకు తన తల్లి తండ్రిని, తాతను, ముత్తాతను పేరు, గోత్రములతో స్మరించును. గయకు పోయివచ్చిన వారున్నచో అచటి పండాల బహీలలో వారి కుటుంబపు పేర్లుండవచ్చును. ముస్లిము సోదరుల యిండ్లలో ఖాజీగారి సియాహా పుస్తకమున వధువు పేరు, ఆమె తండ్రి పేరు, మహరు మొత్తము వ్రాయబడియుండును. పొరుగూరిలో మీకొక ఒంటరి చెలక యున్నచో, అది ఎట్లు వచ్చినదో పెద్దలనడుగుడు. పసుపుకుంకుమల క్రింద కూతురికిచ్చిన భూమి కావచ్చును.

మన సీమలో మేనరికములు మెండు. ఒక స్త్రీని మేనమామకే యిచ్చిరని తేలినచో ఆమె తల్లికై దూరము పోనక్కరలేదు. ఆ తల్లి ఈ యింటి ఆడపడుచే, మామగారే ఈమెకు మాతామహుడు. కాని వంశవృక్షమున ఆడపిల్లలను వ్రాయమి వలన ఆమె మన కండ్లయెదుటనే మరుగుపడి యుండును. ఇంకొక సూచన: కూతుండ్రలో ఒకతెకు అత్తవారింట ఎన్నడును వినని పేరున్నచో, అది అమ్మమ్మ పేరై యుండవచ్చును. ఇది ఊహ మాత్రమే. రెండవ సాక్ష్యము దొరకువరకు పెన్సిలుతోనే వ్రాయుడు.

ఒక వింత చెప్పెదను. 1860లో మదరాసు నుండి "ట్రూరో" అను ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయినది. తరువాతి ఓడలలో తెలుగు జిల్లాల వారెందరో పోయిరి. ఆ ఓడల జాబితాలలో స్త్రీకి కూడ తండ్రి పేరు, ఊరు, జిల్లా వ్రాసిరి. సముద్రము దాటిన కూలి స్త్రీకి తండ్రి పేరున్నది; పొరుగూరికి కాపురమునకు వచ్చిన మన ముత్తవ్వకు లేదు! అయితే తల్లి పేరునకు ఆ జాబితాలోను గడి లేదు.

కాకతీయుల మూలపురుషుల పేర్లు బయ్యారపు చెరువు శాసనమున దొరికినవి. దానిని వేయించినది గణపతిదేవుని సోదరి మైలాంబ, నతవాడివారి యింటి కోడలు. పుట్టినింటి తరములను ఆడపడుచు తలచుకొన్నట్లు కొడుకులు తలచుకొందురని నాకు నమ్మకము లేదు. కనుక మీ యింటి మగవారిని మాత్రమే అడిగి ఊరకుండవలదు. ముత్తవ్వ అన్నదమ్ముల సంతతి యెచటనున్నదో కనుగొనుడు. మీ కాగితమున లేని ఆమె, వారి నోట "మేనత్త"గా నిలిచి యుండవచ్చును.

ఇందులకై గ్రంథాలయమున ఒక పుస్తకము తెరువవలెనని నా కోరిక. స్త్రీకొక పుట: పేరు, పుట్టిన ఊరు, పుట్టినింటి పేరు, తండ్రి, తల్లి, క్రింద చెప్పినవారి పేరు, వయస్సు, తేదీ. బతుకమ్మకు ఆడపడుచులు పుట్టినిండ్లకు వచ్చెదరు. ఎనుబది దాటిన అవ్వలు మన ఊళ్లలో ఇంకను కొందరున్నారు. రానున్న బతుకమ్మ నాడే మొదటి పుట వ్రాయుడు.