చెడిన లెక్కల ఫైలును రాబట్టు విధము
(పంచాయతి సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



2022 జూలై వరదలో ధవళేశ్వరమువద్ద గోదావరి ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటినది. కోనసీమ లంకలలో ఇండ్లు నీట మునిగినవి. అట్టి దినములలో ఏ ఇంటికి బియ్యము చేరినవి, ఏ ఇంటికి చేరలేదు అను పట్టీయే పంచాయతికి ఆధారము. ఆ పట్టీని నేడు పెక్కుచోట్ల కంప్యూటరులో ఎక్సెల్ ఫైలుగా వ్రాయుచున్నారు. దానిని భద్రపరచుచుండగా కరెంటు పోయినను, పెన్ డ్రైవును తొందరపడి లాగివేసినను ఫైలు చెడవచ్చును. మరునాడు తెరువబోగా తెరుచుకొనదు.

అంతమాత్రముచేత లెక్కలు పోయినవని అనుకొనరాదు. ఎక్సెల్ 2007తో వచ్చిన క్రొత్త తరహా ఫైలు చూచుటకు ఒక్కటైనను నిజమునకు జిప్ అను ఒక మూట. అందు పేర్లు మొదలగు మాటలు సాధారణముగా ఒక భాగమునను, అంకెలు వేరొక భాగమునను ఉండును. ఏది ఎచ్చట ఉన్నదో తెలుపు సూచిక మూట చివర ఉండును. చివరి పుటలు చిరిగిన రిజిస్టరులో సూచిక పోయినను లోపలి పుటలు మిగిలియుండును గదా! ఇదియు అట్టిదే.

మొదట చెడిన ఫైలునకు నకలు తీసి, అసలును వేరుగా దాచి, ప్రయత్నములన్నియు నకలుపైననే చేయవలయును. ఆ యంత్రములో ఆటోరికవర్ ప్రతి గాని, ఇదివరకు వాట్సాప్‌లోనో మెయిలులోనో పైకార్యాలయమునకు పంపిన ప్రతి గాని ఉన్నదేమో వెదకుట అన్నిటికంటె సులువు. జనులు దీనినే మరచెదరు. అది దొరకనిచో, ఎక్సెల్‌లో 'ఓపెన్' బొత్తాము ప్రక్కనున్న బాణపు గుర్తును నొక్కి, 'ఓపెన్ అండ్ రిపేర్' అనుదానిని ఎంచవలయును. ఎక్సెల్ నిరాకరించిన ఫైలును లిబ్రెఆఫీస్ అను ఉచిత ప్రోగ్రాము ఒక్కొక్కప్పుడు తెరచును. అదియు కానిచో పని తెలిసినవాడు మూటను విప్పి, మిగిలిన భాగములను వెలికి తీయగలడు. అయితే ఊరివారి ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలు గల పట్టీని, బాగుచేసిపెట్టెదమని ఇంటర్నెట్టులో ప్రకటించుకొను ముక్కు మొగము తెలియనివారికి పంపుటను మేము ఒప్పుకొనము.

ఫైలు తెరుచుకొనినంతనే అందరును నిశ్చింతులగుదురు. ప్రమాదము అచ్చటనే ఉన్నది. మరమ్మతులో చదువ వీలుకాని భాగమును ప్రోగ్రాము తీసివేయును. కూడికల సూత్రములు పోయి అంకెలు మాత్రమే మిగులవచ్చును; అంకె ఉండి దానికెదుట పేరు లేకపోవచ్చును. పట్టీనుండి జారిన ఇంటివారి సంగతి, వారు బియ్యమునకు వచ్చి వట్టిచేతులతో మరలినప్పుడు గాని బయటపడదు.

కావున వరుసల సంఖ్యను ఇండ్ల సంఖ్యతో సరిచూడుడు. పంపిణీనాటి సంతకముల కాగితములతో పోల్చుడు. ఇంటిపన్ను పట్టీయైనచో రసీదు పుస్తకముతో పోల్చుడు. వార్డు సభ్యుడు తన వార్డు పట్టీని, పేరును డోరు నంబరును మాత్రమే ఉంచి, అచ్చువేయించి వీధిలో చదివింపవలయును. పేరు లేనివారు అచ్చటనే చెప్పుదురు. సరిచూచిన పట్టీని క్రొత్త పేరుతో రెండుచోట్ల భద్రపరచి, చెడిన ఫైలును సయితము ఆ లెక్క ఆడిట్ అగువరకు తుడిచివేయక ఉంచవలయును.