కంప్యూటరు హెచ్చరికలు

చైత్రమాసంలో, ఇటుకల పండుగ నాళ్లలో, ధింసా పాటలు రికార్డు చేయడానికి అరకు లోయలోని ఒక గ్రామానికి వెళ్లినాను. ముంగిలిలో తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు సిద్ధమైనవి. మైకు నుంచి పాట నేరుగా ల్యాప్‌టాప్‌లోనికి చేరే ఏర్పాటు.

వాద్యాలు ఆగినవి. ఒక వృద్ధ గాయని ఒంటరిగా గొంతెత్తినది. రెండవ చరణంలో కంప్యూటరు ‘టింగు’మన్నది. ఆమె పాట ఆపి, “ఏటి బాబూ, ఎవరైనా పిలుస్తన్నారేటి?” అన్నది. సిగ్గుపడి, చేతికందిన మీట నొక్కి యంత్రం నోరు పూర్తిగా మూసినాను.

పాట ముగియగానే కొంత వినిపించి సరిచూచుకొనడం నా అలవాటు. తెరిస్తే మరల కూస్తుందన్న భయంతో ఆ పూట అలవాటు తప్పినాను. తెరమీద గీతలు కదులుతున్నవి గదా అని ధైర్యం. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడు చేయదగిన పని కాదు. సాయంకాలం విన్నప్పుడు రెండు పాటలలో మైకుకు కొట్టిన కొండగాలి హోరే తప్ప గొంతు లేదు. అవ్వ మరల పాడినది గాని, అది ఉదయపు గొంతు కాదు.

విండోస్ కంప్యూటరులో హెచ్చరికల దారి వేరు, పాట దారి వేరు. తెర దిగువన స్పీకరు బొమ్మపై మౌసు కుడి మీట నొక్కితే వాల్యూమ్ మిక్సర్ కనిపిస్తుంది. అందులో ‘సిస్టమ్ సౌండ్స్’ను దించితే యంత్రపు సొంత కూతలు ఆగుతవి, పాట ఆగదు. సందేశాల ప్రోగ్రాములు కొన్ని దీనికి లొంగవు. వాటి నోరు వాటి సెట్టింగులలోనే మూయాలి.

అయితే ఈ మార్గంలో బ్యాటరీ తగ్గినదని చెప్పే హెచ్చరిక కూడ మూగబోతుంది. కొండలలో కరెంటు పోయిన పూట మనకు ఆ హెచ్చరికయే దిక్కు. అందుచేత నేను ఇప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో ‘సౌండ్’ తెరచి, ‘సౌండ్స్’ అనే పుటకు వెళుతాను. ఏ సందర్భానికి ఏ ధ్వనియో అక్కడ జాబితా ఉన్నది. ‘డిఫాల్ట్ బీప్’, ‘ఆస్టరిస్క్’, ‘ఎక్స్‌క్లమేషన్’, ‘నోటిఫికేషన్’ — వీటికి ‘నన్’ ఎంచి, ‘అప్లై’ నొక్కుతాను. ‘లో బ్యాటరీ అలారం’, ‘క్రిటికల్ బ్యాటరీ అలారం’ జోలికి పోను. అక్కడే ‘నో సౌండ్స్’ అనే స్కీము ఎంచితే అన్నీ ఒక్కసారే పోతవి. కార్యాలయంలో కూర్చొని పనిచేసేవారికి అది చాలును.

తరువాతి ప్రయాణంలో జోడుకొమ్ములు మ్రోగినంతసేపూ కంప్యూటరు కిక్కురుమనలేదు. పాటకూ పాటకూ నడుమ బ్యాటరీ హెచ్చరిక ఒక్కసారి పలికినది. ఛార్జరు కోసం జీపు దగ్గరకు పరుగెత్తినాను.