బతికున్నవారికీ ఒక పద్దు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను సర్కారు దయతో ఇచ్చేది కాదు, మన హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజు ఇలా కలుసుకుంటున్నాం. నెలనెలా మన ఖాతాలో డబ్బు పడుతున్నదంటే బడ్జెట్‌లో మన పేర ఒక పద్దు ఉండబట్టే. అలాంటి పద్దు లేనివారి గురించి ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను పురపాలక సంఘం కార్యాలయంలో లెక్కల సెక్షన్ గుమాస్తాగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక చలికాలం, ఆరోగ్య విభాగం వారు ఒక ఫైలు పంపారు. పాడుబడిన సత్రాన్ని రాత్రిళ్లు తెరిచి ఉంచితే బస్టాండులోనూ, అంగళ్ల అరుగుల మీదా పడుకునేవారికి నీడ దొరుకుతుందని దాని సారాంశం. వారడిగింది ఒక కాపలా మనిషి జీతం, దీపం ఖర్చు, కొన్ని దుప్పట్లు. "ఈ ఖర్చుకు బడ్జెట్‌లో పద్దు లేదు" అని నోటు రాశాను. పైవారు సంతకం చేశారు. ఫైలు తిరిగి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే మా ఆఫీసు గేటు దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన మార్కెట్ షెడ్డులో చలికి బిగుసుకుపోయి చనిపోయాడు. నా చెప్పులూ ఆయనే కుట్టేవాడు. నా అన్నవాళ్లు ఎవరూ రాలేదు. అనాథ శవ సంస్కారం బిల్లు నా బల్ల మీదికే వచ్చింది. దానికి పద్దు ఉంది. ఆ పూటే పాసు చేశాను. బతికుండగా దుప్పటికి లేని పద్దు, పోయాక కోరాగుడ్డకు ఉంది!

నా నోటు నిబంధనల ప్రకారం తప్పు కాదు. కానీ "కొత్త పద్దు కోసం కౌన్సిలు ముందు పెట్టవచ్చును" అని ఇంకొక్క వాక్యం రాసే వీలు నాకుంది. రాయలేదు. ఆ సంగతి ఇన్నేళ్లూ నా మనసులో ముల్లులా ఉంది.

తర్వాత కాలం కొంత మారింది. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు నగరాల్లో ఏర్పాటు చేయాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 17 లక్షల పైచిలుకు తేలారు. వారిలో సగానికి మించి పట్టణాలలోనే ఉన్నారు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద ఆశ్రయాల నిర్మాణానికి కేంద్రం, రాష్ట్రాలు మొదట 75:25గా, ఆ తర్వాత 60:40గా ఖర్చు పంచుకున్నాయి. యాభై మంది ఉండే ఆశ్రయం నడపడానికి ఏడాదికి 6 లక్షల రూపాయలని లెక్క కట్టారు.

అయితే నిర్వహణకు ఆ సాయం అయిదేళ్లకే. ఆ తర్వాత భారం రాష్ట్రానిది, స్థానిక సంస్థది. ఆ మిషన్ గడువు కూడా 2024లో ముగిసింది. లెక్కలు రాసినవాడిగా చెబుతున్నాను: గ్రాంటుతో భవనం లేస్తుంది, శిలాఫలకమూ వెలుస్తుంది. కానీ కాపలా మనిషికి జీతం, కరెంటు బిల్లు, నీళ్లు, దుప్పట్ల ఉతుకు, ఇవి ఏటా వచ్చే ఖర్చులు. సొంత బడ్జెట్‌లో పద్దు లేకపోతే తలుపుకు తాళం పడుతుంది. అక్కడికి వచ్చేవారంతా బిచ్చగాళ్లని అనుకోకండి. మూటలు మోసేవారు, హోటళ్లలో పనిచేసేవారు, ఆసుపత్రిలో రోగి వెంట వచ్చి బయట పడుకునేవారు కూడా ఉంటారు.

వీధిన పడ్డాక ఆదుకోవడం ఒక ఎత్తు, పడకుండా చూసుకోవడం మరో ఎత్తు. ఆ రెండోది మన ఇళ్లలోనే మొదలు కావాలి. మన తదనంతరం ఇంటావిడకు కుటుంబ పింఛను రావడానికి కావలసిన కాగితాలు ఇప్పుడే సరిచూసి పెట్టండి. ఎక్కడున్నాయో ఆమెకు చూపించండి. ఇల్లు పిల్లల పేర రాసేటప్పుడు, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులో తప్పక రాయించండి. ఆ షరతు ఉండి వారు చూడకపోతే, 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మొహమాటానికి పోయి షరతు వదిలేస్తే తర్వాత చిక్కే.

చివరగా ఒక విన్నపం. మన ఊరి ఆశ్రయం నిర్వహణకు బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టాలని పోయిన ఏడాది నేనొక అర్జీ ఇచ్చాను. జవాబు రాలేదు. అర్జీ ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో మనకు తెలియనిది కాదు. అందుకే మళ్లీ రాశాను. కాగితం బయట బల్ల మీద ఉంది. ఈసారి నా ఒక్కడి సంతకమే కాకుండా మనందరి సంతకాలూ ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.