ఓర్పు ఎవరి బాధ్యత?

ఆటిజం ఉన్న పిల్లల తల్లుల్ని చూసి "ఎంత ఓర్పో!" అంటుంటాం. ఆ మెచ్చుకోలు గురించే నాలుగు మాటలు చెప్తాను.

ఒకప్పుడు ఇదే తల్లిని దోషిగా నిలబెట్టారు. 1943లో ఆటిజాన్ని వర్ణించిన లియో కానర్, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని రాశాడు. ఆటిజం ఉన్న బాబుకి తండ్రయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఆ వాదాన్ని ఖండించాడు. అయినా 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ నిందను మళ్లీ తల్లుల మీదికే తోశాడు. ఆ సిద్ధాంతం వీగిపోయింది. ఇప్పుడామె త్యాగమూర్తి! చాకిరీ మాత్రం ఆమెదే.

తట్టుకునే శక్తి పుట్టుకతో రాదు. కంటినిండా నిద్ర, బిడ్డను కాసేపు చూసే మరో మనిషి, చేర్చుకునే బడి, చేతిలో నాలుగు డబ్బులు ఉంటే వస్తుంది.

1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో, తర్వాత 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేరింది. ఎక్కువ సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి కూడా 2016 చట్టం చెప్పింది. వైకల్యమున్న పిల్లల తల్లులకు శిశు సంరక్షణ సెలవు నిరాకరించకూడదని 2024లో సుప్రీంకోర్టు అంది. అది ప్రభుత్వోద్యోగిని వేసిన కేసు. కూలికెళ్లే తల్లికి సెలవంటే ఆ రోజు కూలి పోవడమే.

అందుకే మన సంఘాలకు వచ్చే తల్లిని ఇవి అడుగుదాం: సర్టిఫికెట్ ఇచ్చారా? బడిలో చేర్చుకున్నారా? నువ్విక్కడికొస్తే బిడ్డ దగ్గర ఎవరున్నారు? తండ్రి ఏం పంచుకుంటున్నాడు?