ఆదాయ వ్యయాలు – ఆలుమగల యాత్ర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందే పంచాంగ శ్రవణం జరిగింది. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని అందరం చెవులు రిక్కించి విన్నాము. భర్తది ఒక రాశి, భార్యది మరొక రాశి; పంచాంగంలో వారి లెక్కలు వేరు. సంసారంలో మాత్రం లెక్క ఒక్కటే కావాలి. యాత్రకు బయలుదేరేటప్పుడు ఆ మాట ఎంత అవసరమో నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

1880 నుండి జాన్ టేలర్ కంపెనీవారి చేతిలో ఇక్కడి గనులు పెరిగినకొద్దీ, చిత్తూరు ప్రాంతం నుండి మనవారు వచ్చి స్థిరపడ్డారు. ఊరు మారినా తిరుమల మొక్కు మారలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నెలజీతం పోయింది, మొక్కులు పోలేదు. నేడు ఎందరో తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి, పనిచేసి, రాత్రికి ఇల్లు చేరుతున్నారు. అటువంటి సంపాదనలో ప్రతి రూపాయికీ చెమట వాసన ఉంటుంది. బంగారం తవ్వి తీసిన ఊరిలో ఇల్లాలి గొలుసు తాకట్టుపెట్టి తీర్థయాత్ర చేయడం కంటె విచారకరమైనది ఏమున్నది? దర్శనం క్షణకాలం, వడ్డీ ఏడాది పొడుగునా.

మన ఇళ్ళలో అనాదిగా ఒక బడ్జెట్టు ఉన్నది. దాని పేరే ముడుపు. పసుపుగుడ్డలో మూటకట్టి దేవుని పటం దగ్గర పెట్టిన డబ్బును, ఎంత ఇబ్బంది వచ్చినా ఎవరూ విప్పరు. ఆ కట్టుబాటు హుండీ డబ్బుకే ఎందుకు పరిమితం కావాలి? దారిఖర్చుకు రెండవ ముడుపు కట్టండి. నెలకు 500 రూపాయల చొప్పున ఎనిమిది నెలలు దాస్తే 4,000 అవుతుంది. అందులో మొదట విడిగా తీసి పెట్టవలసింది తిరుగు ప్రయాణపు ఛార్జీ. తరువాత ఒక 400 ఆపదకు. మిగిలినదే మన ఖర్చు.

ఇక లెక్క చూడండి. ప్రత్యేక ప్రవేశ దర్శనం మనిషికి 300, ఇద్దరికీ 600. సర్వదర్శనానికి రుసుము లేదు గాని, నిరీక్షణ ఎక్కువై ఒకరోజు పని పోతే ఆనాటి కూలి కూడా ఖర్చులోనే వ్రాసుకోవాలి. కళ్యాణోత్సవం చేయించదలిస్తే దంపతులకు కలిపి 1,000. అది దాచుకొన్న తరువాతి మాట. కళ్యాణకట్టలో తలనీలాలకు రుసుము లేదు. 1985లో మొదలైన అన్నదానం వలన కొండమీద భోజనానికి దిగులు లేదు. దర్శనం చేసుకొన్నవారికి ఒక లడ్డు ఉచితం. అదనపు లడ్డు 50. ఇరుగుపొరుగుకు ఎన్ని తేవాలో, చిత్తూరులో చుట్టాలింటికి వెళితే ఏమి పట్టుకుపోవాలో బయలుదేరక ముందే నిర్ణయించుకోవాలి. ఖర్చు చేయి దాటేది పెద్ద పద్దులలో కాదు, ఇటువంటి చిన్న పద్దులలోనే.

బస్సు సంగతి మరొకటి. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కర్ణాటక స్త్రీలకు రాష్ట్రం లోపల సాధారణ ప్రభుత్వ బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించింది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీశక్తి పథకం ఆ రాష్ట్రపు స్త్రీలకు ఉద్దేశించినది. భాష ఒక్కటే అయినా గుర్తింపు కార్డు వేరు గదా! కనుక నంగలి దాటిన తరువాత ఇల్లాలికీ టిక్కెట్టు ఉంటుందనుకొనే లెక్క వేయండి. బంగారుపేట నుండి కాట్పాడి మీదుగా రైలు ఛార్జీ ఎంతో కూడా కనుక్కొని, రెండూ పోల్చి చూడండి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట చివరకు ఉంచాను. భర్త తన చేబదులు దాస్తాడు. భార్య తన పోపులపెట్టె డబ్బు దాస్తుంది. ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే దాస్తారు. కాని ప్రయాణం మధ్యలో అప్పు బయటపడితే, దేవుని ముందు కూడా ముఖాలు ముడుచుకొని నిలబడవలసి వస్తుంది. బయలుదేరక ముందే ఒక సాయంకాలం ఇద్దరూ కూర్చుని, ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద పెట్టండి. వద్దు అనే హక్కు ఇద్దరికీ ఉండాలి.

లెక్క చాలకపోతే యాత్ర వాయిదా వేయడం దోషం కాదు. ఈలోగా కురుడుమలె వినాయకుడు, ముల్బాగలు ఆంజనేయుడు, కమ్మసంద్ర కోటిలింగేశ్వరుడు మనకు ఒక్కపూట ప్రయాణంలోనే ఉన్నారు. వేంకటేశ్వరుడు పెళ్ళికి కుబేరుని దగ్గర అప్పు చేసి, నేటికీ వడ్డి కాసులవాడనే పేరు మోస్తున్నాడు. అప్పు బాధ ఆయనకు తెలియనిది కాదు. తన దర్శనానికి అప్పు చేసి రమ్మని ఆయన ఎవరినీ కోరడు.

ఈ కొత్త సంవత్సరంలో ప్రతి ఇంటా ఆదాయం వ్యయాన్ని మించుగాక! ఆలుమగలు ఒకే లెక్కతో బయలుదేరి, నవ్వుముఖాలతో ఇల్లు చేరుదురుగాక!