సర్వీసు రిజిస్టరు ఎవరి గుట్టు?



610 జీవో పేరు వినని ఉద్యోగి ఈ సభలో ఉండరు. 1985 డిసెంబర్ 30న వచ్చిన ఆ జీవో, నిబంధనలకు విరుద్ధంగా మన జోన్లలో చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలన్నది. పంపలేదు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. అసలు ఎవరు స్థానికులో తేలాలంటే ఎక్కడ చదివారో తెలియాలి. ఆ లెక్క సర్వీసు రికార్డుల్లో ఉంటుంది. రికార్డులు ఆఫీసు బీరువాల్లో ఉంటాయి.

ఆ కాగితం ఉద్యోగి సొంత విషయమా, జనం అడగదగిన విషయమా? ఇవాళ మన ముందున్న ప్రశ్న ఇదే.

గోప్యతకు మేం వ్యతిరేకం కాదు. అది ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఉద్యోగి జబ్బు, ఇంటి గొడవ, బ్యాంకు ఖాతా నంబరు మనకెందుకు? కానీ నియామకం, బదిలీ, పదోన్నతి ప్రజల సొమ్ముతో నడిచేవి. వాటిని అడిగే హక్కు మనది.

2005 సమాచార హక్కు చట్టం ఈ రెంటినీ తూకం వేసింది. ప్రజా వ్యవహారంతో సంబంధం లేని, అకారణంగా గోప్యతకు భంగం కలిగించే సమాచారం ఇవ్వనక్కర్లేదన్నది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాలన్నది. శాసనసభకు కాదనలేనిది పౌరుడికీ కాదనరాదన్నది. 2023 డేటా పరిరక్షణ చట్టం 44(3) సెక్షన్‌తో 8(1)(జె)లోని ఈ షరతులన్నీ ఎగిరిపోయాయి. ‘వ్యక్తిగత సమాచారం’ అంటే చాలు, అధికారి ఫైలు మూసేయొచ్చు. 2025 నవంబర్ నుంచి ఇదే అమల్లో ఉంది.

దెబ్బ ఎవరికి? ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లు ఊరి జనం ముందు చదివారు. చనిపోయినవారి పేరిట కూలి రాశారా లేదా అన్నది పేరు చదివితేనే తేలుతుంది. పేర్లు కొట్టేసిన మస్టరు కూలోళ్లకు ఏం పనికొస్తుంది?

దారి పూర్తిగా మూసుకుపోలేదు. హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చనే 8(2) ఇంకా ఉంది. దాచాల్సిన భాగం తీసేసి మిగతాది ఇవ్వాలనే సెక్షన్ 10 ఉంది. విద్యార్థులారా, ఉద్యోగులారా! ప్రతి దరఖాస్తులో ఈ రెండు సెక్షన్లు రాయండి. ప్రజాప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పండి. నిరాకరిస్తే అప్పీలుకు పోండి. 2023 సవరణను రద్దు చేయాలని ప్రతి సంఘంలో తీర్మానం చేయండి.