కులాచారముల పరిశోధన – సర్కారు ద్రవ్యము
(రామతీర్థపు వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



మనము గూడియున్న యీ రామతీర్థమున గురుభక్తకొండమీఁది బౌద్ధవిహార శిథిలములను అలెగ్జాండరు రీ దొరగారు పరిశోధించి, 1910-11 నాటి పురావస్తుశాఖ నివేదికలో వర్ణించిరి. ఱాళ్లకు వ్యయపఱచినట్లే సర్కారు మనుష్యులకును వ్యయపఱచినది. 1901లో భారతప్రభుత్వము జాతుల పరిశోధనకు ద్రవ్యము మంజూరు చేయఁగా, చెన్నపురి మ్యూజియము అధికారి థర్‌స్టన్ దొరగారు జనుల తలలను, ముక్కులను గొలిచి, ఆచారములు సేకరించి, 1909లో ఏడు సంపుటములు ప్రకటించిరి. ముక్కుకొలఁతవలనఁ గులమర్యాద యెట్లు దెలియునో నాకు బోధపడదు! ఆచారములు చెప్పిన వృద్ధులలో నెందఱు ఆ యాంగ్లగ్రంథమును జదువఁగలిగిరి?

గిడుగు రామమూర్తి పంతులుగారి మార్గము వేఱు. సవరజాతీయు నొకనిఁ దమ యింట నుంచుకొని, యాతని నోటనే భాష నేర్చిరి. ప్రభుత్వము పారితోషిక మీయఁజూపఁగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుఁడని కోరిరి. వారి సవరభాషాగ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను ప్రభుత్వమే ముద్రించినది.

1945లో నేర్పడిన భారత మానవశాస్త్ర సర్వేక్షణసంస్థయు, 1969లో నేర్పడిన భారత సాంఘికశాస్త్ర పరిశోధనామండలియు నేఁడును బ్రభుత్వద్రవ్యముతో నిట్టి పరిశోధనలకుఁ దోడ్పడుచున్నవి. మన యువతీయువకులును దరఖాస్తులు పెట్టవలెను. వచ్చిన పరిశోధకులకు మన పెద్దలు పెండ్లిపాటలు, గ్రామదేవతల పండుగలు, వలసకథలు దాఁచక చెప్పవలెను. మెప్పుకై కల్పించిన వంశావళులు మాత్రము వలదు. ఒక్క షరతు: వ్రాసినదానిని అచ్చునకు ముందే తెనుఁగునఁ జెప్పినవారికిఁ జదివి వినిపింపవలెను. అంతవఱకు వేచియుండక, మన సంఘమే యీ యేడొక పుస్తకము తెఱచి, వృద్ధులు చెప్పినది చెప్పినట్లు వ్రాయింపవలెనని నా మనవి.